పేరు లేని దీపస్తంభాలు

పాలెం చర్చిలో పేరు లేని వస్తువు దొరకడం కష్టం. సత్తెనపల్లికి ఏడు కిలోమీటర్ల దూరాన, మిరప కల్లాల మధ్య ఉన్న ఆ చర్చిలో అడుగుపెట్టగానే గోడ గడియారం కనబడుతుంది. దాని మీద పన్నెండు అంకెల కంటే దాన్ని ఇచ్చిన దంపతుల పేర్లే పెద్దవి. బల్లకో పేరు, ట్యూబ్‌లైటుకో పేరు. మైకు ఒకళ్ళ పేరు మీద ఉంటే మైకు స్టాండు ఇంకొకళ్ళ పేరు మీద ఉంది. ఆ ఇద్దరికీ ఇప్పుడు మాటల్లేవు. ఇక సంఘం సెక్రటరీ మార్కు గారు వాళ్ళ నాన్న జ్ఞాపకార్థం ఇచ్చిన ఫ్యాను సరిగ్గా పీఠం ముందు వేలాడుతుంటుంది. మూడు రెక్కల మీదా ఎర్ర రంగుతో పేరు రాయించాడు. ఫ్యాను తిరిగితే పేరు కనబడదు గనుక, ఎండలు ముదిరి ఎవరో ఒకరు కళ్ళు తిరిగి పడితే తప్ప ఆయన ఆ స్విచ్చి వేయనివ్వడు.

కుడిచెయ్యి ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదని బైబిలు వాక్యం. ఎడమచేతి సంగతి సరే, ఊరికి కూడా తెలియకపోతే ఎలా అని పాలెం వాళ్ళ సందేహం.

మొత్తం చర్చిలో పేరు లేకుండా మిగిలినవి రెండే రెండు, పీఠం మీద పెట్టే ఇత్తడి దీపస్తంభాలు. మోచెయ్యంత ఎత్తుంటాయి. చర్చి కట్టిన కొత్తలో ఒక డాక్టరు దొరసాని ఇచ్చి వెళ్ళిందని చెప్పుకుంటారు. ఆ దొరసాని పేరేమిటో ఎవరికీ తెలియదు. ఆవిడ రాయించుకోలేదు, అంతే. క్రిస్మస్‌కీ ఈస్టరుకీ బయటికి తీసి కొవ్వొత్తులు వెలిగిస్తారు, తర్వాత పీఠం వెనక అలమరలో పడేస్తారు. పొగా మైనమూ పట్టి పట్టి అవి ఇత్తడివో ఇనపవో తెలియనంత నల్లబడ్డాయి.

వాటిని తుడిచి లోపల పెట్టే పని పాస్టరు ప్రసన్నకుమార్ భార్య హెలెన్‌ది. ఆమె సత్తెనపల్లిలో ఒక ఇంగ్లీషు మీడియం స్కూల్లో రెండో తరగతికి పాఠాలు చెబుతుంది. ఆ స్కూలు కరస్పాండెంటు లక్ష్మీకాంత్. ఆయన భార్య శ్రీదివ్య స్కూల్లో ఏ పదవిలోనూ లేదు గనుక అన్నీ ఆవిడే చూసుకుంటుంది.

శ్రీదివ్యకు ఆ మధ్య పాతకాలం పిచ్చి పట్టింది. తాడేపల్లిలో ఉండే వాళ్ళ అక్క, కృష్ణ ఒడ్డున కట్టుకున్న విల్లాలో హాలంతా పాత సామానుతో నింపి, ఇళ్ళు చూపించే యూట్యూబ్ చానల్ వాళ్ళని పిలిచి వీడియో తీయించుకుంది. దాన్ని నాలుగు లక్షల మంది చూశారు. ఆ నాలుగు లక్షల మందీ హాయిగానే నిద్రపోయారు గానీ, ఇక్కడ ఈ ఒక్కతికీ నిద్ర పట్టలేదు. గుంటూరు రోడ్డులో కొత్తగా కట్టుకున్న ఇంటికి ఎద్దుబండి చక్రం తెప్పించి గోడకు కొట్టించింది. వడ్లు కొలిచే కుంచంలో మనీప్లాంటు పెట్టింది. పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లో వేలాడదీసే లాంతరు తెచ్చి భోజనాల బల్ల మీదికి దింపింది. అత్తగారు రాజ్యం ముప్పయ్యేళ్ళు పచ్చళ్ళు రుబ్బిన రోలు మీద గాజుపలక వేసి టీపాయ్ చేసింది. "నా భుజం పోయింది ఆ రోలు దగ్గరే. ఇప్పుడు దాని చుట్టూ చేరి కాఫీలు తాగుతన్నారు," అని రాజ్యం వచ్చినవాళ్ళకల్లా చెప్పేది. అదేమిటో, వచ్చినవాళ్ళు ఆ మాటకు మురిసిపోయి రోలును ఫొటో తీసుకునేవాళ్ళు.

అన్నీ కుదిరాయి గానీ, అక్క ఇంట్లో ఉన్న ఇత్తడి క్యాండిల్ స్టాండ్లు మాత్రం శ్రీదివ్యకు దొరకలేదు. బజార్లో దొరికేవి చూడగానే కొత్తవని తెలిసిపోతున్నాయి. అలాంటి సమయంలో హెలెన్ వాట్సాప్ స్టేటస్‌లో పెట్టిన క్రిస్మస్ ఫొటో ఆవిడ కంట్లో పడింది.

ఒక సోమవారం ఆఫీసు గదికి పిలిపించి కూర్చోబెట్టింది. అంతకు ముందు హెలెన్ ఆ గదిలో ఎప్పుడూ కూర్చోలేదు.

"మీ చర్చిలో స్టాండ్స్ చూశాను హెలెన్ గారూ. ఎంత బావున్నాయో. రేపు చానల్ వాళ్ళు షూటింగ్‌కి వస్తున్నారు. రెండ్రోజులు ఇచ్చారంటే గురువారానికల్లా పంపించేస్తాను."

"సంఘాన్ని అడగాలి మేడమ్."

"రెండ్రోజులకి సంఘం దాకా ఎందుకండీ. మీరేమన్నా పరాయివాళ్ళా?"

పరాయివాళ్ళు కానివాళ్ళకు కాదనే హక్కు ఉండదని హెలెన్‌కు ఆ క్షణంలోనే తెలిసింది. అయినా పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది. ప్రసన్నకుమార్‌కి ముందున్న పాస్టరు గారు చర్చి తివాచీని బావమరిది పెళ్ళికి ఇచ్చాడు. తివాచీ తిరిగొచ్చింది, దాంతోపాటు ఒక సాంబారు మరక వచ్చింది. మార్కు గారు ఆ తివాచీ చుట్ట భుజాన వేసుకుని బస్సెక్కి బిషప్ గారికి చూపించి వచ్చాడు. వారం తిరక్కుండా ఆ పాస్టరు గారు దర్శి అవతల ఏడిళ్ళ సంఘానికి బదిలీ అయిపోయాడు. హెలెన్ కూతురు పదో తరగతి. పరీక్షలు నెలన్నరలోకి వచ్చాయి. ఇప్పుడు చర్చి వాళ్ళిచ్చిన ఈ ఇల్లు ఖాళీ చేయాల్సివస్తే ఆ పిల్ల చదువేం కావాలి?

అటు చూస్తే మార్కు గారు, ఇటు చూస్తే కరస్పాండెంటు గారి భార్య. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ప్రసన్నకుమార్ చర్చి శతవార్షికోత్సవం కార్డులు పంచడానికి గుంటూరు వెళ్ళి ఉన్నాడు. ఉత్సవం వచ్చే ఆదివారమే. గురువారానికి తిరిగొచ్చేస్తాయి కదా, ఎవరికి తెలుస్తుందిలే అనుకుంది హెలెన్. తప్పులన్నీ అలా అనుకునే మొదలవుతాయి. దీపస్తంభాలు రెండూ తువ్వాల్లో చుట్టి స్కూటీ మీద పెట్టుకుపోయి ఇచ్చేసింది.

గురువారం అవి రాలేదు. శుక్రవారం బడి వదలగానే హెలెనే వెళ్ళింది.

తలుపు తీసింది రాజ్యం. హాల్లో, రోలు టీపాయ్ మీద, రెండు దీపస్తంభాలు పెళ్ళికూతుళ్ళలా ధగధగలాడుతున్నాయి. హెలెన్ ముందు గుర్తుపట్టలేదు.

"చూశావా అమ్మా, ఎట్టా తేలినయ్యో," అంది రాజ్యం. "నల్లగా మసిబొగ్గుల్లా ఉంటే చింతపండు పెట్టి రెండు పూటలు తోమాను. మా కోడలు మెడ్రాసు నుంచి తెప్పించిందంట, ఏదో దొరగారి బంగళాలోయి. ఇంత డబ్బు పోసి కొంటే పేరు కొట్టించుకోవద్దా? ఈ కాలం పిల్లలకి ఏం తెలుసు. ఇట్టాంటి ఇత్తడి సెమ్మెలు నలుగురూ అడుగుతారు. పేరు లేకపోతే ఎవరింట్లో పడితే వాళ్ళవే అయిపోతయ్యి. రంజాన్ కొట్టుకి తీసకపోయి దగ్గరుండి కొట్టించా."

హెలెన్ వంగి చూసింది. పీట చుట్టూ చుక్కచుక్కలుగా అక్షరాలు. 'శ్రీ లక్ష్మీకాంత్, శ్రీమతి శ్రీదివ్య దంపతుల నూతన గృహప్రవేశ సందర్భముగా.' రెండింటికీ ఒకటే రాత.

"ఒక పక్కే కొడతానన్నాడు. గోడవైపు తిరిగితే కనబడొద్దా అని చుట్టూ కొట్టించా," అంది రాజ్యం.

అప్పుడే శ్రీదివ్య గదిలోంచి వచ్చింది. ఆమె ముఖంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. అత్తగారికి కొన్నానని చెప్పింది. చానల్ వాళ్ళకు కూడా కొన్నానని చెప్పింది, కెమెరా ముందు దొరగారి కథ కూడా చెప్పింది. ఇప్పుడు అరువు తెచ్చానని ఎలా అంటుంది? ఒక్క నిమిషం హెలెన్ వైపు బతిమాలుతున్నట్టు చూసింది. ఆ తర్వాత ఆవిడకు ఉపాయం తట్టింది, బతిమాలడం ఆపేసింది.

"అత్తయ్యా, వీళ్ళ చర్చికి నూరేళ్ళ పండగంట. ఆదివారానికి ఈ స్టాండ్స్ కావాలని అడిగారు. ఇస్తానన్నాను."

"ఇయ్యవే, దానికేముంది. దేవుడి పనేగా. పేరుంది, ఇంకెక్కడికీ పోవు," అంది రాజ్యం. హెలెన్ వైపు తిరిగి, "పండగ అవగానే పంపించు తల్లీ. మేమూ వస్తన్నాం, మా అబ్బాయిని పెద్దమనిషిగా పిలిచారంటగా," అంది.

హెలెన్ నోరు తెరిచింది. అవి మావేనండీ అన్న రెండు ముక్కలు చెబితే సరిపోయేది. అవి చెబితే కోడలు అత్త ముందు అబద్ధాలకోరు అవుతుంది, సోమవారం నుంచి తనకు స్కూలు ఉండదు. తెరిచిన నోటితోనే "సరేనండి" అనేసింది. మన వస్తువును మనమే అరువు తెచ్చుకోవడం ఎంత సులువో ఆమెకు ఆశ్చర్యమేసింది.

శనివారం పొద్దున్నే వాటిని తీసుకుని సామాన్ల కొట్టు రంజాన్ దగ్గరికి పరుగెత్తింది. రంజాన్ స్టాండు అటూ ఇటూ తిప్పి తన పనితనం తనే మెచ్చుకున్నాడు.

"ఎక్కించడమే గానీ దింపడం మా దగ్గర లేదమ్మా. అరగదీస్తే అంత మేరా గుంటపడుద్ది. పైన ఇంకో పేరు కొట్టమంటే కొడతా. రెండూ కలిసి ఏదీ చదవడానికి రాదు."

హెలెన్ ఆ దీపస్తంభాలతోనే ఇంటికొచ్చి మొగుడి ముందు ఏడ్చింది. ప్రసన్నకుమార్ మంచివాడు, ఆ మంచితనంలో మూడొంతులు భయం. అక్షరాలు చదివి, ఇంకోసారి చదివి, మార్కు గారికి తెలిస్తే మన పని అయిపోయినట్టే అన్నాడు. ఆ మాట కోసం ఆమె ఏడవనక్కర్లేదు. చివరికి, "పీటలకు బంతిపూల దండలు చుట్టేద్దాం. రేపొక్కపూట గడిస్తే చాలు," అన్నాడు.

ఆదివారం మిరపకాయ కోతలకు ఎవరూ పోలేదు. చర్చి నిండిపోయింది. తెల్లచీరలు, ఇస్త్రీ చొక్కాలు, కొత్త సున్నం వాసన. వేదిక మీద బిషప్ గారు, ఆయన పక్కన లక్ష్మీకాంత్, శ్రీదివ్య, రాజ్యం. పీఠం మీద దీపస్తంభాలు, వాటి పాదాల చుట్టూ దట్టంగా బంతిపూలు. హెలెన్ ముందు వరసలో కూర్చుని పాటలు పెదాలతో పాడుతూ, కళ్ళు ఆ పూల మీద నుంచి తీయలేదు.

రెండో పాట అయ్యాక మార్కు గారు నివేదిక చదవడానికి మైకు దగ్గరికి వచ్చాడు. డెబ్భై ఏళ్ళ మనిషి, వెన్ను వంగలేదు, గొంతు అసలు వంగలేదు. చదవబోతూ పీఠం వైపు చూసి కళ్ళజోడు సవరించుకున్నాడు.

"ఈ దండలేందయ్యా? స్తంభాలకి దండలేసి మొక్కే ఆచారం మనకెప్పుడు వచ్చింది? బిషప్ గారు చూస్తే ఏమనుకుంటారు?"

బిషప్ గారు అప్పటిదాకా ఏమీ అనుకోలేదు. ఇప్పుడు అనుకున్నట్టు ముఖం పెట్టారు. మార్కు గారు రెండంగల్లో పీఠం దగ్గరికి వెళ్ళి దండలు ఊడలాగాడు. లాగినవాడు వంగి అలాగే ఉండిపోయాడు. తర్వాత ఒక స్తంభాన్ని చేత్తో పట్టుకుని మైకు దగ్గరికి తెచ్చి, చుట్టూ తిప్పుతూ, పీట మీది రాత మొదటి నుంచి చివరి దాకా గట్టిగా చదివాడు.

వేదిక మీద రాజ్యం ఒక్కతే సంతోషంగా తలూపింది.

హెలెన్ మొగుడి వైపు చూస్తే ఆయన బైబిల్లోకి చూస్తున్నాడు. ఇక దాచి లాభం లేదనిపించింది. దాచాలని కూడా అనిపించలేదు. లేచి నిలబడింది.

"అవి మన దీపస్తంభాలే. దొరసాని గారు ఇచ్చినవే. నేనే ఎవరికీ చెప్పకుండా తీసుకెళ్ళి మేడమ్ గారి ఇంట్లో అలంకారానికి ఇచ్చాను. అక్కడ పొరపాటున పేరు కొట్టించారు. తప్పంతా నాది. తీసుకెళ్ళేటప్పుడు అయ్యగారికి కూడా తెలియదు. సంఘం నన్ను క్షమించాలి."

చెప్పాక ఒళ్ళు తేలికైంది. దర్శి అవతల ఏడిళ్ళ సంఘం కళ్ళ ముందు కనబడింది. అక్కడా బడి ఉంటుంది, పిల్ల అక్కడ చదువుకుంటుంది, పరవాలేదు అనుకుంది.

మార్కు గారు ఆమెను తేరిపార చూశాడు. "మనవి అంటున్నారేందమ్మా. మనవైతే మన పేరు ఉండేదిగా?"

"దొరసాని గారు పేరు రాయించలేదండీ."

"పేరు లేకుండా ఎవరిస్తారమ్మా?" అన్నాడాయన, నిజంగానే అర్థం కాక.

వెనక నుంచి ఎనభై ఏళ్ళ వీరమ్మ లేచింది. "మనయ్యి నల్లటియ్యి గదరా మార్కూ. ఇయ్యి చూడు, బంగారంలా ఉన్నయ్యి. నేను చిన్నప్పట్నుంచీ ఎరుగుదును, ఇయ్యి మనయ్యి కాదు." చుట్టుపక్కల ఆడవాళ్ళు ఔనౌనన్నారు.

మార్కు గారు సంచిలోంచి చర్చి సామాన్ల పుస్తకం తీశాడు. పదకొండేళ్ళుగా ఆయన స్వహస్తాలతో రాస్తున్న పుస్తకం అది. ఎవరు ఏమిచ్చారో ఇచ్చినవాళ్ళ పేర్ల వరసలో ఉంటుంది. పేజీలన్నీ తిప్పాడు. ఇచ్చినవాళ్ళ పేరు లేని వస్తువును ఏ పేరు కింద రాస్తాడు? రాయలేదు. గనుక ఆ పుస్తకంలో పిన్నీసు దాకా ఉంది గానీ దీపస్తంభాలు లేవు.

"ఇందులో లేవు," అన్నాడు గంభీరంగా. "మనకు ఉన్న నల్లటివి ఇనపవయ్యుంటాయి, తుప్పుపట్టి పోయుంటాయి. పుస్తకంలో లేనివాటిని ఉన్నాయని నేను అననమ్మా. దేవుడి ఇంట్లో అబద్ధం చెప్పను."

"మార్కు గారూ, నేను చెప్పేది..."

"నాకు తెలుసులేమ్మా." ఆయన గొంతు మెత్తబడింది. సంఘం వైపు తిరిగాడు. "పాస్టరమ్మ గారి మనసు చూశారా? నూరేళ్ళ పండక్కి అరువు సామాను తెచ్చుకున్నారన్న మాట సంఘానికి రాకూడదని, లేని తప్పు నెత్తిన వేసుకుంటన్నారు. ఇట్టాంటి అమ్మగారు మనకి దొరకరు. అయ్యగారిని ఇంకో అయిదేళ్ళు ఇక్కడే ఉంచమని బిషప్ గారికి సంఘం తరఫున మనవి చేస్తన్నా."

చప్పట్లు మోగాయి. బిషప్ గారికి మధ్యాహ్నం ఇంకో ఊళ్ళో శంకుస్థాపన ఉంది. ఆయన తలూపి, దీనమనసును గురించి నాలుగు మంచి మాటలు చెప్పి, మనవి మంజూరు చేశారు. ప్రసన్నకుమార్ బైబిల్లోంచి తలెత్తాడు. హెలెన్ ఇంకా నిలబడే ఉంది. ఇంతగా ఆమెను జన్మలో ఎవరూ పొగడలేదు, ఇంత సిగ్గూ ఆమెకు జన్మలో కలగలేదు. తప్పు చేసినప్పుడు ఊరుకుంది గనుక నిజం చెప్పినప్పుడు ఎవరూ నమ్మలేదు.

నిజం తెలిసిన మనిషి ఇంకొకరు వేదిక మీద ఉన్నారు. హెలెన్ ఆవిడ వైపే చూసింది. మార్కు గారు శాలువా కప్పి, పెద్ద మనసుతో దీపస్తంభాలు ఇచ్చిన దాతలు నాలుగు మాటలు మాట్లాడాలని శ్రీదివ్య చేతికి మైకు ఇచ్చాడు. శ్రీదివ్య మైకు పట్టుకుని ఒక్క క్షణం హెలెన్ కళ్ళలోకి చూసింది. పెదవి కొద్దిగా కదిలింది కూడా. కానీ పక్కన అత్తగారు కూర్చుని ఉంది, ఎదురుగా మూడు ఫోన్లు వీడియో తీస్తున్నాయి.

"దేవుడికి మతం ఏముందండీ," అంది శ్రీదివ్య. "మా ఇంట్లో వస్తువులు ఇలా మంచి పనికి ఉపయోగపడితే మాకంతే చాలు. వచ్చే క్రిస్మస్‌కి కూడా మీకు కావాలంటే మొహమాటపడకుండా అడగండి, తప్పకుండా ఇస్తాం."

మళ్ళీ చప్పట్లు. అందరూ హెలెన్ వైపు చూస్తున్నారు, ఏదో ఒకటి అనాలి. హెలెన్ చేతులు జోడించి, "థాంక్స్ మేడమ్," అంది.

భోజనాలు కాగానే మార్కు గారు దీపస్తంభాల మీది మైనం గోటితో గీకి, నీళ్ళతో కడిగి, తన కండువాతో తడి లేకుండా తుడిచాడు. ఎవరి చేతికీ ఇవ్వకుండా తనే మోసుకెళ్ళి కారు వెనక సీట్లో రాజ్యం పక్కన పడుకోబెట్టాడు. రాజ్యం రెండింటినీ తిప్పి పేర్లు సరిచూసుకుంది. "పేరుంటే ఇదే సుఖం నాయనా," అంది. కారు మిరప కల్లాల మధ్య నుంచి దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయింది.

మార్కు గారు తడి కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. పక్కనే నిలబడి ఉన్న హెలెన్‌తో, "ఒకళ్ళ సొమ్ము ఒక్క పూట కూడా ఎక్కువ ఉంచుకోలేదమ్మా. నూరేళ్ళ నుంచీ మన సంఘానికి అదే పేరు," అన్నాడు.

"అవునండి," అంది హెలెన్.